మూడో పలక

దుకాణం పెద్దమ్మ పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను ఊళ్లో లేకపోతే సరే అనుకునేదాన్ని. ఊళ్లోనే ఉన్నాను. బాబుపేఠ్ రైల్వే గేటుకు ఇవతల మా ఇల్లు, అవతల వాళ్ల దుకాణం. గేటు పడినప్పుడు ఇటువాళ్లూ అటువాళ్లూ ముఖాలు చూసుకునేంత దూరం. అయినా ఆ కబురు నాదాకా రావడానికి ఒక జాకెట్టు కావలసి వచ్చింది. మా సందులో ఒకామె తెల్లారేసరికి జాకెట్టు కుట్టి ఇమ్మని వచ్చింది. ఎందుకింత తొందర అని నేను విసుక్కుంటే, "రేపు దుకాణం పెద్దమ్మ దినాలు కదనే, నువ్వు వస్తలేవా?" అంది.

మిషన్ తొక్కడం ఆపేశాను. ముందు నాకు కోపమే వచ్చింది. నా సంగతి నాకు తెలుసు. పెళ్లయి ఆసిఫాబాద్ నుంచి చంద్రపూర్ వచ్చిన రోజు నన్ను రిక్షా దిగమనడానికి ఎవరు ఆలస్యం చేశారో కూడా నాకు గుర్తుంటుంది. నల్లా నీళ్లు రాకపోయినా, రేషన్ బియ్యంలో రాళ్లొచ్చినా ఈ వాడలో మొదట గొంతెత్తేది నేనే. ఆ కోపం కాసేపటికి చల్లారింది. దాని అడుగున ఇంకేదో మిగిలింది. దానిమీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక ఇది రాస్తున్నాను.

ఆమె బక్కపలచటి మనిషి. రెండు ముక్కుపుడకలు, నోట్లో ఎప్పుడూ వక్కముక్క. తూకం వేసేటప్పుడు అందరిలా ముల్లు చూసేది కాదు, కొనేవాళ్ల ముఖం చూసేది. పొట్లం కట్టేముందు కాగితాన్ని గరాటులా చుట్టి అందులోకి ఒకసారి ఉఫ్ అని ఊదేది. మరాఠీవాళ్లతో మరాఠీ, బొగ్గు గనుల నుంచి వచ్చే బీహారు వాళ్లతో హిందీ మాట్లాడేది, లెక్క మాత్రం తెలుగులోనే వేసేది. ఆమె మామగారి కాలంలో కట్టిన దుకాణం అది. దానికి తలుపులు లేవు, పలకలుండేవి. ఐదు నిలువు చెక్కలు. పొద్దున ఒక్కొక్కటే గాడిలోంచి జరిపి తీసి గోడకానించేది, సాయంత్రం మళ్లీ ఒక్కొక్కటే ఎక్కించేది. వరస తప్పితే ఒక్కటీ పట్టదు.

ఆ దుకాణంలో కొసరు అడగాల్సిన పని లేదు. పిల్లలకు పుట్నాలు, ముసలివాళ్లకు వక్క, ఆడవాళ్లకు బెల్లంముక్క. నడుం పట్టుకుని వచ్చినవాళ్లకు గోలి. గల్లా పక్కన పెద్ద గాజు సీసా ఉండేది, దాన్నిండా తెల్లటి నొప్పుల గోలీలు. ఒకటి తీసి చిన్న కాగితంలో మెలిపెట్టి సామాను మీద పెట్టేది. రోజంతా మిషన్ తొక్కి నేను నడుం మీద చెయ్యి వేసుకుని వెళ్తే నేను ఏమడిగినా అడక్కపోయినా ఒకటి. కొన్ని రోజులు రెండు.

"ఇంట్ల బియ్యం లేకున్నా పండొచ్చు బిడ్డా, నడుం నొస్తే పండుడెట్ల? ఏసుకో" అనేది.

నేను దమ్మిడీకి కూడా గీచి గీచి బేరమాడే మనిషిని. కొన్న మాత్రయితే ఎందుకు కొన్నానా అని ఆలోచించేదాన్ని. అది కొసరు. కొసరును ఎవరు అనుమానిస్తారు? ఇంటికి చేరేలోపే, గేటు పడితే అక్కడే, నోట్లో వేసుకుని మింగేసేదాన్ని. ఇట్లా ఏళ్లు గడిచాయి. నేనొక్కదాన్నే కాదు, గేటుకు అటూ ఇటూ నడుం నొప్పి ఉన్న ఆడవాళ్లంతా అంతే.

తర్వాత ఆమె భర్తకు జబ్బు చేసింది. ఆయన మోకాళ్ల నొప్పి మనిషి. అన్నం సయించడం లేదన్నాడు, ముఖం ఉబ్బింది, వాంతులయ్యాయి. నాగపూర్ తీసుకెళ్లారు. అక్కడ ఏం జరిగిందో ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, అదీ పప్పు చెరుగుతూ, నా ముఖం చూడకుండా.

"డాక్టర్ అడిగిండు, ఈయన ఏం మందులు తింటుండె అని. నేను మంచిగ చెప్పిన. బయటి మందు ఒక్కటి తినలె సారూ, మా దుకాణంల గోలీలే, నేనే ఇస్తుంటి, పొద్దుమాపు మర్సిపోకుంట ఇస్తుంటి అని. నవ్వుకుంట చెప్పిన బిడ్డా. ఆయన పెన్ను కింద పెట్టిండు."

రెండు మూత్రపిండాలూ చివరి దశకు వచ్చాయన్నారు. డయాలసిస్ మిషన్ మీద రక్తం కడిగారు. రైల్లో నాగపూర్ వెళ్లడం, సోలిపోయి రావడం. కొన్నాళ్లకు ఆయన పోయాడు. దినాలైన మర్నాడు ఆమె సీసాలోని గోలీలన్నీ రోట్లో పోసి దంచింది. మోరీలో పారబోస్తే మేకలు తాగుతాయని పట్టాల పక్కన గుంట తవ్వించి పూడ్చింది. సీసా కడిగి అందులో బెల్లంముక్కలు పోసింది. అదే సీసా. దాన్ని కూడా పారేయొచ్చు కదా అని నేనడిగితే, "కండ్ల ముందట ఉండాలె" అంది.

అక్కణ్నుంచి మొదలైంది ఆమె పిచ్చి. పిచ్చి అనే అన్నారు వాడలో అందరూ. ఎవరెవరికి గోలీలిచ్చిందో ఆమెకు అందరూ గుర్తే. ఒక్కొక్కరు దుకాణానికి రాగానే బల్ల వెనకనుంచి బయటికి వచ్చేది. వంగి, చీర కుచ్చిళ్లు కొంచెం జరిపి, వాళ్ల కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసేది. నీరు పడితే అక్కడ గుంట పడుతుందని నాగపూర్‌లో చూసి వచ్చింది. బొగ్గు ఏరుకుని బతికే ఆడవాళ్లు, ఇళ్లల్లో గిన్నెలు తోమేవాళ్లు బిత్తరపోయి వెనక్కి జరిగేవాళ్లు.

"అయ్యో పెద్దమ్మా, నువ్వు మా కాళ్లు ముట్టుకునుడేంది! పాపం తాకుతది మాకు."

"నీకెందుకు తాకుతదే. నిలబడు."

అట్లా నేలమీద కూర్చుని వాళ్ల పాదాల దగ్గర తల వంచుకుని ఉండేది. నొక్కిన తర్వాత కూడా వెంటనే లేచేది కాదు.

నా వంతు రోజు దుకాణంలో ఏడుగురో ఎనమండుగురో ఉన్నారు. మగవాళ్లు కూడా. మా ఆయనతో పాటు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వెళ్లే మనిషి ఒకాయన బీడీకట్ట కోసం నిలబడి ఉన్నాడు. నేను కందిపప్పు అడిగాను. ఆమె నా ముఖం చూసి, దుకాణమంతా వినపడేలా, "ఒంటికి పోయినప్పుడు నురుగొస్తున్నదా నీకు?" అంది.

భూమి చీలితే బాగుండనుకున్నాను. "ఏం మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా?"

"సబ్బు నురుగు లెక్క వస్తదా, వచ్చి జల్ది పోతదా, ఉంటదా?"

బీడీకట్ట ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. ఆమె వంగి నా కాలు పట్టుకోబోయింది. "ముట్టకు!" అని కాలు లాక్కున్నాను. కందిపప్పు అక్కడే వదిలి వచ్చేశాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మనిషి ఇంటి బట్టలు నేను ఇంతవరకు కుట్టలేదు.

నేను పరీక్షకు వెళ్లింది భయంతో కాదు, పంతంతో. మంచి రిపోర్టు తెచ్చి ఆమె బల్లమీద కొడదామని, నలుగురిలో అడిగినదానికి నలుగురిలోనే జవాబు చెబుదామని. రక్తం తీశారు, మూత్రం ఇమ్మన్నారు. ఆ కాగితం పట్టుకుని, నెలకోసారి నాగపూర్ నుంచి వచ్చే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన బీపీ చూసి మళ్లీ చూశాడు. ఏమేం మాత్రలు వేసుకునేదానివని అడిగాడు. చెప్పాను. కాగితం మీద ఏదో లెక్క వేసి, "థర్డ్ స్టేజ్" అన్నాడు. నా ముఖం చూసి, "ఘాబరూ నకా బాయీ" అన్నాడు. భయపడొద్దట. మా వాడలో మూడో స్టేజి అన్న మాట క్యాన్సర్ ఇళ్లల్లో తప్ప విని ఎరగను. మూడు అయ్యాక ఏముంటుందో మాకు తెలుసు. ఆయన ఇంకేదో చెబుతున్నాడు, మాత్రలు, ఉప్పు, నొప్పుల గోలీలు ముట్టొద్దు, ఆరునెలలకోసారి పరీక్ష. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

తిన్నగా దుకాణానికి వెళ్లాను. సాయంత్రం. ఆమె పలకలు వేయడానికి లేస్తోంది. రిపోర్టు నిజంగానే బల్లమీద కొట్టాను.

"ఇగో. నీ కొసరు. మూడో స్టేజి అట. సంతోషమా?"

ఆమె కాగితం ముట్టుకోలేదు. "కూసో" అంది.

కూర్చోలేదు. ఆమె మొదటి పలక గాడిలోకి ఎక్కించింది.

"దుకాణం మూసినట్టున్నదా?"

"నాతో ఆటలా?"

"చెప్పు బిడ్డా. గిరాకి వస్తదా రాదా?"

"వస్తది."

"గిది మొదటిది. లోపల ఖరాబు షురూ అయింది. ఎవ్వలకు తెల్వది. పరీచ్ఛ చేస్తెనే తెలుస్తది." రెండోది ఎక్కించింది. "జర చీకటి. అయినా ఎవ్వలకు తెల్వది. నొయ్యది, గుంజది." మూడోది ఎక్కించింది. లోపల సగం నీడ పడింది. "గిక్కడున్నవ్ నువ్వు. దుకాణం నడుస్తున్నది చూడు. నువ్వున్నవ్, నేనున్న, తూకం నడుస్తది. జర చూసుకొని నడవాలె, గంతే. క్యాన్సర్ లెక్క కాదిది. గిక్కడ్నే ఏండ్లకేండ్లు ఆపుకున్నోళ్లను నాగపూర్ల నేను చూసిన."

ఆమె చెయ్యి నాలుగో పలక మీద పడింది. ఎత్తలేదు.

"నాలుగోది వేస్తే మనిషి అడ్డం తిరిగి దూరాలె. గప్పుడు ఒంట్లె తెలుస్తది. ఐదోదయితే మిషన్, లేకుంటె ఎవ్వలన్న కిడ్నీ ఇయ్యాలె. మా ఆయన ఐదోదానికి తెలుసుకున్నడు. వేసిన పలక తీసుడు ఎవ్వల చేతుల లేదు. వెయ్యకుంట ఆపుడు ఉన్నది."

నాకు అప్పుడు మొదటిసారి అర్థమైంది, నేను రేపు చావబోవడం లేదని. ఆ మాట ఆమెకు చెప్పొచ్చు. నేను చెప్పింది వేరు.

"రేపు పొద్దున నువ్వు పలకలన్నీ తీస్తవు కదా పెద్దమ్మా. నా కిడ్నీకి ఉంటదా పొద్దున?"

ఆమె పలక మీదనుంచి చెయ్యి తీసి గోధుమల బస్తా మీద కూర్చుంది. వక్క నమలడం ఆపింది. 

తర్వాతి నెల డాక్టరు ఇంకో మాట చెప్పాడు. గోలీలు కొంత చేసి ఉంటాయి, ఎప్పట్నుంచో ఎవరూ చూడని బీపీ కొంత చేసి ఉంటుంది, దేని వాటా ఎంతో చెప్పలేం అన్నాడు. ఆ మాట కూడా ఆమెకు చేరవేశాను. నేను ఫిర్యాదుల మనిషినేగాని అబద్ధాల మనిషిని కాను. ఆమె విని తల అడ్డంగా ఊపింది.

"బీపీని నేనియ్యలె. గోలి నేనిచ్చిన" అంది. ఆ సంగతి అంతటితో ముగిసింది.

అది మొదలు నా ప్రాణం తోడేసింది. పొద్దున గేటు దాటి బజారుకు వెళ్తుంటే దుకాణంలోంచి కేక: "బీపీ గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న! డప్పు కొట్టించి చెప్పనా?"

"కొట్టించు, నాకు చెవులు సరిగ వినవడ్తలెవ్వు."

ఉప్పు కిలో అడిగితే పావుకిలో తూచేది. అప్పడాలడిగితే, "నీకు లేవు" అనేది, నా పక్కనే ఇంకొకామెకు కట్ట కట్టిస్తూ. ఒకసారి కోపమొచ్చి గోల్‌బజార్ దాకా నడిచి వెళ్లి అప్పడాలు కొనుక్కొచ్చాను. మర్నాడు కాలు చూపించమంది. చూపించలేదు. "అప్పడం తిన్న కాలు దాచుకుంటది" అని పక్కవాళ్లకు చెప్పి నవ్వించింది. నొప్పి లేస్తే వేడి చేసి కాపడం పెట్టుకోమని ఇసుక మూట కట్టి పంపింది. ఎండాకాలం, ఈ ఊరి ఎండ సంగతి తెలిసిందే, ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌ను అడిగి రమ్మని నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది. పక్కింటావిడ కిడ్నీకి మంచిదని ఏదో చెట్టుమందు ఇస్తే, దాన్ని నా చేతిలోంచి గుంజుకుని మోరీలో పోసింది. మేకల సంగతి అప్పుడు గుర్తు రాలేదు ఆమెకు.

ఆరునెలలకోసారి రిపోర్టు వచ్చిన రోజు మాత్రం కేకలుండవు. బల్ల మీదకు వంగి, చిన్న గొంతుతో అడిగేది.

"పలక?"

"మూడే."

తక్కెడను కళ్లకద్దుకుని పని చూసుకునేది.

ఇదంతా చేసిందని నేను మెత్తబడలేదు. సామాను అక్కడే కొనేదాన్ని, కొసరు మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. ప్రతిసారీ ఆ సీసాలోంచి బెల్లంముక్క తీసి కాగితంలో మెలిపెట్టి నా సామాను మీద పెట్టేది. ప్రతిసారీ దాన్ని తీసి బల్లమీద పెట్టి వచ్చేదాన్ని.  మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ పెట్టేది. కొసరు తీసుకోవడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. గొడవ పడ్డ ఇంట్లో మంచినీళ్లు తాగడం లాంటిది. ఆమె అడిగింది ఆ ఒక్కటే. నోరు తెరిచి అడగలేదు, బెల్లంతో అడిగింది. నేను బెల్లంతోనే కాదన్నాను.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకున్నాను. సాయంత్రం పూట వెళ్తే మూడు పలకలు వేసేదాకా బాగానే మాట్లాడేది. నాలుగోది పట్టుకోగానే, "ఇగ పో బిడ్డా, పో" అని తరిమేది. మాట మధ్యలో ఉన్నా సరే. ఇంకెవరినీ అట్లా పంపేది కాదు. మిగతావాళ్లు చివరి పలక దాకా నిలబడి, సందులోంచి చిల్లర కూడా తీసుకునేవాళ్లు. గల్లా లెక్క చూసుకునే వేళ నేను ఉండకూడదేమో, నా చేతిమీద నమ్మకం లేదేమో అనుకున్నాను. మా ఆయనతో అంటే, "నీకన్నీ అట్లనే కనవడ్తయి" అన్నాడు. అదీ మర్చిపోలేదు.

తర్వాత కాలం మారింది. సెల్‌ఫోన్లు కొందరి చేతుల్లో కనిపిస్తున్నాయి. ఉప్పు ప్యాకెట్లలో, పిండి ప్యాకెట్లలో, షాంపూ చిన్న చిన్న పొట్లాలుగా దండల్లా వేలాడుతోంది. తక్కెడకు పని తగ్గింది. ఆమెకు వయసు మీదపడి బల్ల కొడుక్కు వదిలింది. అబ్బాయి పలకలు పీకించి ఇనుప షట్టర్ పెట్టించాడు. ఆమె షట్టర్ కింద వెదురు మోడా వేసుకుని కూర్చునేది. అక్కడ కూర్చుని కూడా, చీకటి పడే వేళ నేను కనిపిస్తే, "ఇగ పో బిడ్డా" అనేది. పలకలు పోయినా ఆ అలవాటు పోలేదు. నా అనుమానమూ పోలేదు.

ఆఖరిసారి చూసింది హోలీకి ముందు. చూపు మందగించింది. నా గొంతు పట్టి, "పలక?" అంది.

"మూడే పెద్దమ్మా."

తక్కెడ లేదు కళ్లకద్దుకోవడానికి. చేతులే కళ్లకు ఆనించుకుంది. కొడుకుతో సీసా తెప్పించి, తడుముకుంటూ బెల్లంముక్క తీసి, కాగితంలో మెలిపెట్టి, అరచేతిలో పెట్టుకుని చాపింది.  గేటు పడుతోందని, రైలొస్తోందని ఏదో అన్నాను. వచ్చేశాను. గేటు పడలేదు.

దినాలకు వెళ్లలేదు, పిలవని చోటికి నేను వెళ్లను. ఇంకో రెండు రోజులాగి సాయంత్రం దుకాణానికి వెళ్లాను. అబ్బాయి గుండుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నీకు బీపీ కదక్కా. ఎట్ల చెప్పాలె, ఎవరితోని చెప్పియ్యాలె అని అనుకుంటనే దినాలు వడ్డయి. తప్పయింది."

ఆ ఇంట్లో అందరికీ నా బీపీయే. ఉప్పు అడిగాను, పావుకిలో. ప్యాకెట్ కిలోదే ఉందన్నాడు. అగ్గిపెట్టె తీసుకున్నాను. చెయ్యి చాపి నిలబడ్డాను.

"ఏం కావాలె అక్కా?"

"కొసరు."

అతనికి అర్థం కాలేదు. వేలాడుతున్న దండలోంచి షాంపూ పొట్లం ఒకటి తెంపి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఫ్రీ. నేను కొసరు అడిగిన" అన్నాను. పొట్లం బల్లమీద పెట్టాను. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అతను నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, అగరుబత్తీల వెనకనుంచి ఆ సీసా తీశాడు. ఎండకు బెల్లం కరిగి అడుగున గడ్డ కట్టింది. చెంచా కాడతో పొడిచి పొడిచి వేలెడంత ముక్క తీశాడు. కాగితంలో చుట్టబోతుంటే వద్దన్నాను. అక్కడే నోట్లో వేసుకున్నాను. పాత బెల్లం, కొంచెం ఉప్పగా కూడా ఉంది. 

వాడలో దీపాలు పెట్టారు. అతను మోడా లోపల పెట్టి, షట్టర్ లాగే కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. అతనూ కొక్కెం పైకెత్తి అట్లాగే నిలబడ్డాడు.

"ముయ్యి" అన్నాను.

"నువ్వు పో అక్కా. పోయినంక మూస్త."

"నేనుంటే ఏమైతది?"

"ఏమో. అమ్మ ఊకె చెప్తుండె. ఆ అక్క ముంగట మూయొద్దు, మూల తిరిగేదాంక ఆగు అని. పలకలున్నప్పటి నుంచి గదే. ఎందుకో నాకైతే తెల్వది. నీకు తెలుసా?"

అగ్గిపెట్టె కొంగున ముడేసుకున్నాను. నడిచాను. గేటు వైపు తిరిగే మూల దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా నిలబడ్డాను. షట్టర్ చప్పుడు రాలేదు. గేటు పడింది, బొగ్గు బండి పోయింది, గేటు మళ్లీ లేచింది. చప్పుడు రాలేదు. ఆ అబ్బాయి చెయ్యి నొప్పి పుడుతుందేమో అనిపించింది.

మూల తిరిగాను. అప్పుడు వినిపించింది.